తువ్వాలు కింది పిస్తోలు

మా దోహా స్కూల్లో పరుగు పందేలు మొదలుపెట్టే పిస్తోలును ఆ రోజు నా బ్యాక్‌ప్యాక్‌లో తువ్వాలు కింద దాచుకుని నడకకు వెళ్లాను. అది మోత మోగుతుందంతే, తూటా ఉండదు. మేం నడిచే జెక్రీత్ ఎడారి గుట్టల్లో కుక్కలుంటాయని నా భయం.

నాతో వచ్చిన స్కూల్ బస్సు డ్రైవరు గౌస్ అది చూసి అదిరిపడ్డాడు.

"ఉత్తదంటే పోలీసోళ్లు నమ్ముతరా సార్? లోపలేస్తరు!"

చీకటి పడ్డాక కారు వైపు తిరిగాం. వెనక ఇసుకలో అడుగులు వినిపించాయి. మేం ఆగితే అవీ ఆగాయి. టార్చి వేస్తే ఎవరూ లేరు. పిస్తోలు తీసి ఆకాశంలోకి పేల్చాను.

చాలా కాళ్లు ఒక్కసారిగా పరుగందుకుని దూరమైపోయాయి.

"పోయిన్రు సార్!" అన్నాడు గౌస్. ఇద్దరం నవ్వేశాం.

కానీ ఆ చప్పుడు ఎడమకు తిరిగింది. మళ్లీ ఎడమకే తిరిగింది. పద్దెనిమిదేళ్లుగా పీఈటీని, నాకు తెలియదా? ట్రాక్ మీద పరిగెత్తినట్టు రౌండు కొడుతున్నారు. కాసేపటికి మా ముందుకే వచ్చి ఆగారు. ఎవరూ కనిపించలేదు. చిన్నపిల్లల ఆయాసం మాత్రం మా నడుము ఎత్తులో వినిపిస్తోంది.

గౌస్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏమన్నా చెప్పుండ్రి సార్. చెప్పేదాంక పోయేటట్టు లేరు."

పందేలయ్యాక మా స్కూలు చిన్నపిల్లలకు ప్రతి ఏడూ చెప్పేదే చెప్పాను. "అందరూ ఫస్టే. ఇంక ఇళ్లకెళ్లండర్రా."

ఆయాసం ఆగిపోయింది. చల్లగాలి తగిలింది. ప్రాణం లేచొచ్చి కారు వైపు నడిచాం.

వెనక చీకట్లో చప్పట్లు మొదలయ్యాయి.