పొరుగోడి ఆట

మేఘన రాసిన చదరంగం ప్రోగ్రాంతో ‘పొరుగోడు’ అనే పేరు పెట్టుకుని ఎవరో ఆన్‌లైన్‌లో ఆడుతున్నాడు.

ఆ సాయంత్రం కూడా గెలవలేదు, ఓడలేదు. బంటులన్నీ అడ్డం నిలబెట్టి దారులు మూసేశాడు.

ప్రోగ్రాం మాత్రం గెలుపు తనదేనని చూపిస్తూ, ఏనుగును అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది.

కుప్పం హాస్టల్ గదిలో మేఘన తెరనే చూస్తూ కూర్చుంది.

మర్నాడే మదనపల్లెలో ఒక కంపెనీ పెట్టే పరీక్ష. పిల్లలకు చదరంగం నేర్పే కంపెనీ అది. పావులను చంపడం ఏ ప్రోగ్రాంకైనా తెలుసు. చంపడానికి ఏమీ లేనప్పుడు ఎవరి ఆట బాగుందో తెలిసిన ప్రోగ్రాం వాళ్లకు కావాలి. నెగ్గితే ఉద్యోగం. తంబళ్లపల్లె దగ్గర గొర్రెలు మేపుకునే ఆ ఇంట్లో మొట్టమొదటి జీతం.

ఈ పొరుగోడెవరో పోటీకి వచ్చినవాడేనని, తన ప్రోగ్రాంలో లోపం పట్టి నలుగురిలో చాటుతాడని ఆమె భయం.

అంతలో తెర మీద మాటలు వచ్చాయి.

“అమ్మా, ముళ్లకంప మూసిన దొడ్డి బయట పది తోడేళ్లున్నా గొర్రెకు భయం లేదు. నీ ప్రోగ్రాం తోడేళ్లను లెక్కబెడతాండాది, కంపను సూడలేదు.”

మేఘన గతుక్కుమంది. అది అచ్చంగా తమ ఊళ్లవైపు మాట. ఎవరు మీరని అడిగింది.

“ఇప్పుడు సెప్పకూడదు. మీది తంబళ్లపల్లె పక్కనే కదా, నీకు కంప సంగతి ఒకరు సెప్పాల్నా? ఇంకొక్క ఆట ఆడు. యాడ సరిచెయ్యాల్నో సూపిస్తా.”

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఊరు తెలుసు, పేరు చెప్పడు. ఎన్నాళ్లుగా వెంటపడుతున్నాడో! ఇంట్లో చెబితే నాన్న తిప్పేస్వామి పొద్దున్నే బస్సుకు వచ్చి, చదువు మాన్పించి తీసుకుపోతాడు. ఎవడో వెంటపడ్డాడంటే ముందు ఆడపిల్లకే కదా సంకెళ్లు.

వెంటనే పొరుగోణ్ణి బ్లాక్ చేసింది.

మర్నాడు బస్సులోనూ భయం వదల్లేదు. పుంగనూరులో ఎక్కిన ఒకాయన ఫోన్ తీస్తే, పొరుగోడు ఈయనేనేమోనని చున్నీ ముఖానికి చుట్టుకుంది. పాపం, ఆయన పెళ్లి ఫొటోలు చూసుకుంటున్నాడు. భయపడ్డ కంటికి ప్రతి తాడూ పామే.

మదనపల్లెలో కంపెనీ తరఫున దీపిక అనే ఆమె పరీక్ష పెట్టింది. ఒక్కో ఆటా బోర్డు మీద పెట్టి, ఇందులో ఎవరిది పైచేయి అని అడగడం. ప్రోగ్రాం వరసగా సరిగ్గానే చెప్పింది. మేఘనకు ఊపిరి తిరిగింది.

ఆఖరి ఆటలో దారులన్నీ మూసుకుని ఉన్నాయి. ఇద్దరిలో ఎవరూ గెలవలేరు.

ప్రోగ్రాం తెల్లపావులదే గెలుపంది. అయితే గెలిచి చూపించమంది దీపిక. ఏనుగు అటూ ఇటూ తిరగడమే తప్ప ఏమీ కాలేదు.

దీపిక తల అడ్డంగా ఊపింది.

ఒక్కపూట టైమిస్తే సరిచేస్తానని మేఘన బతిమాలింది.

“దానికే కదమ్మా నిన్న టైమిచ్చింది. యాల బ్లాక్ చేసినావు?”

మేఘన చటుక్కున తలెత్తింది. “ఆ పొరుగోడు మీకు తెలుసా మేడం?”

“మా పురుషోత్తం సారు. పరీక్షకు పిలిచిన ప్రతి ఒక్కరితో మాలో ఒకరు ముందే ఆడి తప్పు సూపిస్తాము. పేరు మాత్రం సెప్పకూడదు, అది మా రూలు. నువ్వు మళ్లా ఆటకు పిలుస్తావేమోనని నిన్న రాత్రి పొద్దుపోయేదాకా ఈడే కూర్చోనుండాడు.”

“నేను ఆయనెవరో తెలియక భయపడినాను మేడం.”

దీపిక బోర్డు మీది పావులు సర్దింది. తర్వాత మెల్లగా అంది.

“మేమంతా నీ ప్రోగ్రాం వద్దని పక్కన పెట్టేస్తే, ఈ పిల్లకు నేను పూచీ అని పట్టుబట్టి నిన్ను ఈడికి పిలిపించింది ఆయనే.”