నీ బొంద

"కార్బురేటర్ పోయిందా? నీ బొంద!"

అది సాంబమూర్తి ఊతపదం. తోట దున్నే పాత టిల్లర్‌ను ఎల్బీనగర్ షెడ్డులో పడేసిన రోజు నుంచీ మెకానిక్ బిక్షమయ్య ఆ మాట వింటూనే ఉన్నాడు.

తుప్పు గీకాడు. పిస్టన్ రింగులు మార్చాడు. బ్లేడ్లకు పదును పెట్టాడు.

"ఇగ నడుమల ఆగితే నా పేరు మార్చుకుంట సార్" అన్నాడు.

ట్రయల్‌కు సాంబమూర్తి అతన్ని నాదర్‌గుల్‌లో తాను కొత్తగా కొన్న ప్లాటుకు తీసుకెళ్లాడు. గేటు దగ్గరే బిక్షమయ్య కాళ్లు ఆగిపోయాయి. ఎప్పుడో అమ్ముకున్న తమ మెట్ట చెలక అది.

"సార్, గా మూలకు పోకుర్రి. ఆడ నా బిడ్డ బొంద ఉన్నది."

రెండేళ్లకే పోయిన కూతుర్ని అతను అప్పట్లో అక్కడే పూడ్చాడు. తన ఊతపదాన్నే తనకు అప్పజెబుతున్నాడనుకుని సాంబమూర్తి పగలబడి నవ్వి, టిల్లర్‌ను నేరుగా అటే తిప్పాడు.

బిక్షమయ్య అరుపు ఇంజన్ మోతలో కలిసిపోయింది. ఒక్కసారి ఆగితే చాలని దేవుళ్లందరికీ మొక్కుతూ పరుగెత్తాడు.

మూల దాకా దున్నేశాక సాంబమూర్తి వెనక్కి తిరిగి చూశాడు.

"ఎక్కడా ఆగలేదుగా! ఏడుస్తావేంటయ్యా, నీ బొంద!"