నలభై ఒకటో వంతు

"పడదు," అంది పక్క కుర్చీలో ఆవిడ.

బంతి ఇంకా గాల్లోనే ఉంది.

రింగు అంచుకు తగిలి బయటికి ఎగిరింది.

వెండెల్ స్టోబర్ తల తిప్పి చూశాడు. నలభై దాటిన మనిషి. ఒళ్లో చిన్న నోటుపుస్తకం. మెడలోని పాసు బోర్లా తిరిగి ఉంది.

"ఇది పడుతుంది," అందావిడ మళ్లీ.

పడింది.



ఇరవై ఎనిమిదేళ్లుగా అతను బాస్కెట్‌బాల్ స్కౌట్. కొత్త కుర్రాళ్లను చూసి, ఎవరు పైకొస్తారో జట్టుకు చెప్పడమే ఉద్యోగం. అంత అనుభవంలోనూ ఒక్కనాడూ బంతి కిందికి దిగకముందే ఇంత ధీమాగా చెప్పలేకపోయాడు.

షికాగో జిమ్‌లో ఆ మధ్యాహ్నం పదహారుమంది ఆడుతున్నారు. వచ్చే నెలే డ్రాఫ్ట్. పెద్ద జట్లన్నీ వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే రోజు. వెండెల్ జట్టుకు దక్కింది నలభై ఒకటో వంతు.

"ఈసారీ గురి తప్పితే నీ ఉద్యోగం నేను కాపాడలేను," అని మేనేజర్ మార్టీ ముందే చెప్పేశాడు.

వెండెల్ మనసులో ఉన్నది ఒక్క పేరే. పదకొండో నంబరు, జలానీ. గ్యారీ అనే ఊరి కుర్రాడు. సన్నగా ఉంటాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నలభై ఒకటి దాకా మిగిలితే చాలు.

విరామంలో కాఫీ దగ్గర గస్ తగిలాడు. పాత స్నేహితుడు, వేరే జట్టు స్కౌట్.

"విన్నావట్రా వెండీ? పడమటి తీరం జట్టు కొత్తగా ఓ ఆవిణ్ణి పెట్టుకుందట. ఆవిడది కన్ను కాదు, ఎక్స్‌రే మిషన్ అంటున్నారు. ఇక నువ్వూ నేనూ ఇంటి ముందు గడ్డి కోసుకోవడమే."

"ఎలా ఉంటుంది?"

"నేనెక్కడ చూశాను? ఇవాళ వస్తుందన్నారు. ముందు సాయంత్రం ఐదు కానీ. కాలేజీకి తిరిగి పోయేవాళ్లు అప్పటిలోగా డ్రాఫ్ట్ నుంచి పేర్లు వెనక్కి తీసుకోవాలిగా. ఎవడు మిగులుతాడో చూసి అప్పుడు ఏడుద్దాం."

వెండెల్ కుర్చీకి తిరిగొచ్చాడు. ఆవిడ కోర్టు మీంచి చూపు తిప్పలేదు.

"పదకొండో నంబరు కుడి మోచెయ్యి చూడండి. అలిసిపోతే బయటికి పోతుంది. రెండు నిమిషాలు ఊపిరి పీల్చుకోనిస్తే మళ్లీ లోపలికొస్తుంది."

వెండెల్ చూశాడు. అక్షరాలా నిజం.

మూడు వారాలుగా ఆ కుర్రాడి వెంటే తిరుగుతున్నాడు. ఆ మోచెయ్యి ఒక్కసారి కూడా కంట పడలేదు!

ఫోన్ కాస్త చాటుగా పట్టుకుని ఆ మాటే మార్టీకి పంపాడు. తన మాటగా.

జవాబు వెంటనే వచ్చింది. "ఇన్నేళ్లలో నువ్వు రాసిన గొప్ప ముక్క ఇదే. వాణ్ణే తీసుకుందాం."

ఆ పొగడ్త రెండోసారి చదవకుండా ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

స్కౌట్ల మధ్య ఒక మర్యాద ఉంది. నీది ఏ జట్టు, ఎవరికోసం వచ్చావు అని అడగరు. ఒక అలవాటూ ఉంది. తాము మనసుపడ్డ కుర్రాణ్ణి పదిమందిలో తెగ తిడతారు. వినేవాడూ స్కౌటే కాబట్టి సగమే నమ్ముతాడు.

"ఒకటి అడగొచ్చా?" అందావిడ. "ఇక్కడ అందరికంటే సీనియర్ మీరేనట. ఆ పదకొండో నంబరును ఎవరైనా తీసుకుంటారంటారా?"

వచ్చావా దారికి, అనుకున్నాడు వెండెల్.

"వాణ్ణా? ఎవరూ ముట్టుకోరు మేడమ్. గట్టిగా తుమ్మితే ఎగిరిపోతాడు. కాళ్లలో వేగం లేదు. మాకు నలభై ఒకటో వంతుంది. నేను వాడి పేరు కాగితం మీదే పెట్టలేదు."

"నిజంగా?"

"మా అమ్మ మీద ఒట్టు."

ఆవిడ నోటుపుస్తకం మూసింది.

"మొహమాటపడకుండా చెప్పారు. చాలా థాంక్సండీ."

చెయ్యి కలిపింది. అరచెయ్యి గరుకుగా ఉంది.

"పడమటి తీరంలో మీవాళ్లను అడిగానని చెప్పండి," అన్నాడు వెండెల్ వెటకారంగా.

ఆవిడ అర్థంకానట్టు నవ్వి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఎక్స్‌రే మిషనట! మనసులోనే ఈల వేసుకున్నాడు వెండెల్.

ఐదుంపావుకు అతను వీధి చివర కొట్లో బీఫ్ శాండ్‌విచ్ కొరుకుతుండగా గస్ ఫోన్ చేశాడు.

"పదకొండో నంబరు పేరు తీసేసుకున్నాడురా. కాలేజీకి తిరిగి పోతున్నాడు."

శాండ్‌విచ్ రసం చొక్కా మీద కారింది.

"ఇది ఆ పడమటావిడ పనే! వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటి వంతుల్లోనే కొట్టేద్దామని వాడికేదో నూరిపోసింది. నా పక్కనే కూచుందిరా!"

"కలగన్నావా? ఆవిడ విమానం రద్దయింది. అసలు ఊళ్లోకే రాలేదు."

చెవిలో రెండో కాల్ టింగుమంటోంది. మార్టీ.

"గస్... ఆ కుర్రాడితో మాట్లాడావా?"

"బయట స్కూలు బస్సు ఎక్కుతుంటే పట్టుకుని అడిగాను, ఎందుకురా తొందరపడ్డావని."

"ఏమన్నాడు?"

"డ్రైవరు సీట్లో ఉన్న ఆవిణ్ణి చూపించి, 'ఆరేళ్లప్పుడు నా చేతికి బంతిచ్చి ఇవాళ్టిదాకా ఆట నేర్పింది మా అమ్మే సార్. తనే చెప్పింది, ఈ జిమ్ మొత్తంలో నిజం చెప్పిన పెద్దమనిషి ఒక్కరే, ఆయన నా పక్క కుర్చీలోనే దొరకడం మన అదృష్టం అని' అన్నాడు."