నిమిషానికో చుక్క

“పదమూడు నంబరు...” అంటూ లాక్లన్ చెయ్యి చాపేలోపే స్పానర్ వచ్చి అరచేతిలో పడింది.

“అబ్బో! నాక్కావలసింది ఇదేనని నీకెలా తెలిసింది పిల్లా?” అన్నాడు, బండి పక్కన పీట మీద కూర్చునే తల తిప్పి.

“ఇన్నేళ్ళు నీతో కాపురం చేశాక ఆ మాత్రం తెలీకపోతే ఎలా?” అంది ఐల్సా. ఆవిడ బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి.

షెడ్డు రేకుల మీద వాన దంచుతోంది. స్కాట్లండ్ తీరాన ఉన్న ఈ ఓబన్‌లో ఓ పూట వాన పడకపోతేనే జనం కంగారుపడతారు. ఆ వానా, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పూ కలిసి మోటార్‌సైకిల్ చైన్లని కొరుక్కుతింటాయి. అందుకే లాక్లన్ ఆదివారం వస్తే చాలు, నూనె డబ్బా, పాత పళ్ళబ్రష్షూ పట్టుకుని బండి ముందు బాసిపట్టు వేసేవాడు. ఇప్పుడు మోకాళ్ళు వంగనంటున్నాయి. వేళ్ళు వణుకుతున్నాయి. చిన్న డబ్బా, సన్న గొట్టం, ఓ బుల్లి కుళాయి. ఇవి బిగిస్తే ఇంజను తిరిగినంతసేపూ చైనుకి దానంతటదే నూనె పడుతుంది. పొద్దున గంజి తాగుతుంటే ఐల్సా అవన్నీ ఉన్న పెట్టె తెచ్చి ముందు పెట్టింది, “నీకు పార్సిల్ వచ్చింది” అని.

“ఈ కంపెనీవాళ్ళకి టేపు ఊరికే వస్తుందా ఏం? ఒకదాని మీద ఒకటి ఎన్ని పొరలు చుట్టారో!” అని అప్పుడే సణిగాడు. ఇప్పుడు గొట్టం ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. “అప్పుడే నూనె వాసన. పరీక్ష చేసి మరీ పంపారన్నమాట. నిజాయితీపరులు.”

“అవునవును” అంది ఐల్సా.

ఈ పని తన చేత్తోనే కావాలని లాక్లన్ పంతం. కూతురు వచ్చినప్పుడల్లా “ఇంకా ఆ బండెందుకు నాన్నా, అమ్మేద్దాం” అంటోంది. నాలుగు బోల్టులు బిగించలేకపోతే ఆ పిల్ల మాటే నిజమైపోతుంది. బిగిస్తే మటుకు ఐల్సాని వెనక ఎక్కించుకుని ఉత్తరాన డర్నెస్ ఊరి సముద్రం దాకా పోవాలి. అక్కడే ఆవిడ పెళ్ళికి ఒప్పుకుంది. తిరిగొస్తుంటే ఎండిపోయిన చైను పుటుక్కున తెగింది. కొత్త పెళ్ళికూతురు కాబోయేది, పాపం, వానలో బండి తోసింది. మళ్ళీ తీసుకొస్తాననీ, ఈసారి చైను తెగనివ్వననీ ఆ రోజే మాటిచ్చాడు. ఆ మాట ఇంకా బాకీ ఉంది.

మొదటి బోల్టు వేళ్ళలోంచి జారి బండి కిందకి దొర్లిపోయింది. ఐల్సా తీసిచ్చింది. మళ్ళీ జారింది. లాక్లన్ మొహం వాడిపోయింది.

“నావల్ల కాదే పిల్లా.”

“ఎందుక్కాదూ? ఎడం చేత్తో అదిమిపట్టు. ముందు వెనక్కి అరచుట్టు తిప్పి, అప్పుడు బిగించు.”

తిప్పాడు. బోల్టు పట్టుకుంది.

“ఓసినీ! మెకానిక్కువైపోయావే!”

ఇంతలో గొడుగు దులుపుకుంటూ పక్కింటి డూగీ తలుపులోంచి తొంగిచూశాడు. “ఏరా లాక్లన్, మళ్ళీ...” అనబోయి, ఐల్సా మొహం చూసి ఆగాడు. “మళ్ళీ వాన పట్టుకుందిరా బాబూ!”

“వాన సంగతికేంగానీ, ఇది చూడు. చైనుకి నూనె పోసే మిషను. ఇవాళే వచ్చింది!”

“ఓహో!” అన్నాడు డూగీ. గొంతు సవరించుకున్నాడు. “ఇలాంటిది నేనెక్కడా చూళ్ళేదురా. గొట్టం కొస మాత్రం వెనక చక్రం పళ్ళకి తగిలీ తగలనట్టుండాలి సుమా.”

“చూళ్ళేదంటూనే నాకు పాఠాలా? పోరా పో, పెద్ద చెప్పొచ్చావు!”

డూగీ నవ్వి, తెచ్చిన రొట్టెల పళ్ళెం కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు.

గొట్టం కొస సరిగ్గా కుదిరేసరికి లాక్లన్ నుదుటి మీద చెమట పట్టింది. కుళాయి తిప్పి, నడుం నిటారుగా చేసి, “నిమిషానికో చుక్క! దీనికైనా...” అన్నాడో లేదో ఐల్సా పకపకా నవ్వింది.

“ఉండవే, పూర్తిగా చెప్పనీ! దీనికైనా నాకైనా చుక్క పడితేనే కదలిక!”

ఐల్సా మళ్ళీ నవ్వింది, ఈసారి ఇంకా గట్టిగా.

తాళం చెవి ఆవిడ ఏప్రన్ జేబులో ఉంది. తనే తిప్పింది. ఇంజను గుడగుడమంది. ఇద్దరూ వంగి, తలకి తల ఆనించి చూస్తున్నారు. గొట్టం కొసన చుక్క ఊరింది. ఊగింది. పళ్ళ మీద పడి చైనులోకి జారిపోయింది.

“పడింది!” లాక్లన్ చిన్నపిల్లాడిలా కేకేశాడు. నూనె చేత్తోనే ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాడు. “చూశావా? నా చేతులింకా పనిచేస్తున్నాయి.”

“పనిచెయ్యవని నేనెప్పుడన్నాను?”

“రేపే డర్నెస్. మాటంటే మాటే.”

“రేపే” అంది ఐల్సా. కళ్ళనిండా నీళ్ళు తిరిగితే భుజానికి తుడుచుకుంది. ఇంజను ఆపి, తాళం చెవి మళ్ళీ జేబులో వేసుకుంది.

“ఎంత బావుందే ఇవాళ!”

“నాకూ బావుంది. వెళ్ళి టీ పెట్టు. ఇక్కడ సర్దేసి వస్తా.”

లాక్లన్ ఈల వేసుకుంటూ వానలోనే పెరడు దాటాడు. కెటిల్ పొయ్యి మీద పెట్టి, వంటింటి కిటికీలోంచి చూశాడు. షెడ్డులో దీపం కింద ఐల్సా వెనక చక్రం దగ్గరే ఒంగుని ఉంది. నా పనితనం చూసి ఎంత మురిసిపోతోందో పిచ్చిది, అనుకున్నాడు.

అక్కడ ఐల్సా బోల్టులన్నీ విప్పేసి, అన్నీ పెట్టెలో సర్ది, పాత టేపు మీదే రేపటికి మళ్ళీ టేపు చుట్టింది.