ఇరవై మూడో నంబరు

ముప్పై తొమ్మిది మందీ ఫోనెత్తారు. ముప్పై తొమ్మిది మందీ బాగున్నామన్నారు. ఇరవై మూడో నంబరు ఎదుట గడి మాత్రం ఖాళీగా ఉంది.

నర్సు కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతోంది. కాగితాలు ఎగురుతున్నాయని ఫ్యాను కూడా ఆపేసింది. మూల కూర్చున్న ఆయా అట్టముక్కతో విసురుకుంటోంది.

"కాస్త కూర్చోండి సిస్టర్. మీరు తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి."

నర్సు కూర్చుంది. మళ్లీ లేచింది.

పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ ఆపరేషన్ చేశాక, లోపలి భాగాలు ఒకదానికొకటి అతుక్కుపోతుంటాయి. ట్యూబులు అతుక్కుంటే ఇక పిల్లల మీద ఆశ వదులుకోవాల్సిందే. అలా కాకుండా చివర్లో ఓ కొత్త జెల్ వేసి చూస్తున్నారు. ఆపరేషన్లు మూడు ఊళ్లలో జరుగుతాయి. ఆ తర్వాత నెలపాటు, వారానికోసారి ఫోన్ చేసి జ్వరముందా, నొప్పుందా అని అడిగే పని ఈ నర్సుది. ఆమె చేతిలోని కాగితం మీద పేర్లుండవు. ఇరవై మూడు: వయసు ముప్పై నాలుగు, తొమ్మిదేళ్లుగా పిల్లల్లేరు, ఓ ఫోన్ నంబరు. అంతే.

వైద్యుడి దగ్గర దాపరికం పనికిరాదమ్మా అని అందరికీ ఓపిగ్గా చెప్పింది. ఆమె గొంతు వింటే దాచాలనుకున్నవాళ్లు కూడా చెప్పేస్తారని పెద్ద డాక్టరు నమ్మకం. అందుకే పోయిన వారమంతా ఆమె సెలవులో ఉన్నా, ఈ పని ఇంకెవరికీ అప్పగించలేదు.

నాలుగింటికి ఈ జెల్ సంగతి తేల్చే కమిటీ కూర్చుంటుంది. అందరూ బాగుంటే రేపు ఉదయం మరో పది మందికి అదే జెల్ వేస్తారు. మూడున్నరకు డాక్టరే గదిలోకి వచ్చాడు.

"ఇరవై మూడు ఏమంది?"

"ఇంకా చెయ్యలేదు సార్."

ఎందుకని అడిగాడాయన. ఆమె ఎదురు ప్రశ్న వేసింది. "ఆవిడకు జ్వరముందనుకోండి. ఏం చేస్తారు?"

"జెల్ ఆపేస్తాం. ఆవిణ్ణి ఈ పూటే రప్పించి చూస్తాం. అవసరమైతే మళ్లీ కెమెరా పెట్టి లోపలంతా కడుగుతాం."

"మళ్లీ చేస్తే మళ్లీ అతుక్కుంటాయేమో కదా సార్. తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తోంది."

డాక్టరు కళ్లజోడు తీశాడు. ఆయనకు కోపం రాలేదు, జాలేసింది. "నిజమే. కానీ జ్వరం దాచిపెట్టుకుని కూర్చుంటే ట్యూబులేం ఖర్మ, మనిషే దక్కదు. పైగా రేపు పది మంది ఆపరేషన్ బల్ల ఎక్కుతున్నారు. వాళ్ల సంగతేంటి?"

నర్సు పెన్ను తీసి గడిలో ఆనించింది. 'బాగుంది' అని రాయాలంటే మూడక్షరాలే. పెన్ను కదల్లేదు.

ఇక లాభం లేదనుకున్నాడు డాక్టరు. నీకు చేతకాకపోతే నేనే మాట్లాడతానంటూ కాగితం లాక్కుని, బల్ల మీది ఫోనందుకుని, ఒక్కో అంకె చూస్తూ నొక్కాడు.

నర్సు చెయ్యి తన తెల్లకోటు జేబులోకి పోయింది. ఒక్క క్షణం అక్కడే ఆగింది. ఖాళీగా బయటికొచ్చింది.

డాక్టరు రిసీవరు చెవికి ఆనించగానే, ఆ జేబులోని ఫోను మోగింది.