మొదటి సెమిస్టర్

ఫిలింనగర్‌లోని ఆ చిన్న హోటల్లో సాయిసుధ ముందున్న టీ చల్లారిపోయింది.

ఆమె జూబ్లీహిల్స్‌లో ఒక డిగ్రీ కాలేజీ లెక్చరర్. వచ్చే ఏడు ఫిలాసఫీ కోర్సు పెడుతున్నామని, మూడేళ్ల సిలబస్ సోమవారానికల్లా కావాలని ప్రిన్సిపాల్ త్రినాథరావు చెప్పారు. ఆ కోర్సు చెప్పే లెక్చరర్ పోస్టుకు వచ్చిన దరఖాస్తులను ఆమె కిందటి వారమే వడపోసి ఇచ్చింది.

ఎక్కడ మొదలుపెట్టాలో పాలుపోవడం లేదు. మన దర్శనాలతోనా, గ్రీకులతోనా? తర్కం ముందా, నీతి ముందా? నాలుగుసార్లు రాసింది. నాలుగుసార్లూ కొట్టేసింది.

ఎదురు కుర్చీలో ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. ఒంటిమీద నల్లకోటు, ముఖానికి మేకప్. పక్క వీధిలో కోర్టు సీను తీస్తున్నారు. వెనక వరసలో కూర్చునే లాయర్లలో ఆయనొకడు.

కాగితం పైనున్న కాలేజీ పేరు చూసి, అక్కడ పనిచేస్తారా అని అడిగాడు. ఆమె తలూపింది. ఆయన కాగితం తనవైపు తిప్పుకుని చదివాడు.

"గిందుల అన్నీ జవాబులే ఉన్నయి బిడ్డా. ప్రశ్న ఏది?"

గుంపులో నిలబడే మనిషికి ఇదంతా ఎందుకని సాయిసుధకు చిరాకు వేసింది. అయినా ఆ మాట మనసులోంచి పోలేదు.

"మీరైతే ఎక్కడ మొదలుపెడతారండీ?"

"పద్దెనిమిదేండ్ల పిల్లలను నువ్వెవరని అడిగితే నవ్వుతరు. నీకు జరిగిన అన్యాయం ఏందని అడుగు. ఒక్కరు గూడ ఊకోరు. గాడ షురూ చెయ్."

"మరి మరణం, ఆత్మ?"

"మూడో ఏడు. గప్పటికి ఇంట్ల ఎవరో ఒకరు పోయి ఉంటరు."

షాట్ రెడీ అని ఎవరో పిలిచారు. ఆయన లేచి వెళ్లిపోయాడు. ఆయన పేరైనా ఆమె అడగలేదు.

సోమవారానికి మిగిలిన రెండు రోజుల్లో సిలబస్ మొత్తం ప్రశ్నలుగా తిరగరాసింది. కమిటీ ఒక్క అక్షరం మార్చలేదు. ఇలాంటి సిలబస్ తన సర్వీసులో చూడలేదన్నారు త్రినాథరావు. ఆ మెప్పు అందుకుంటూ నల్లకోటు పెద్దాయన సంగతి చెబుదామనుకుంది కానీ చెప్పకుండానే వచ్చేసింది.

జూన్‌లో, పాఠం చెప్పడానికి ఎంపికైన లెక్చరర్ చేరనన్నాడు. సాయిసుధకు ఆ పెద్దాయనే గుర్తొచ్చాడు. ఒక్క క్లాసుకైనా పిలుద్దామని హోటల్‌కి వెళ్లి ఆనవాళ్లు చెప్పింది.

"నర్సింహ సారా? పోయిండు మేడం," అన్నాడు హోటల్ యజమాని హనుమంతు. "రెండు నెలలాయె."

సార్ అని ఎందుకన్నాడో ఆమెకు అంతుబట్టలేదు. అడిగే ఓపికా లేకపోయింది.

వేరే దారిలేక, ఆనాటి వడపోతలో పుట్టిన తేదీలు మాత్రమే చూసి తాను పక్కన పడేసిన దరఖాస్తుల కట్ట విప్పింది. అడుగునున్న కాగితం మీది ఫోటోలో ఉన్నది ఆ పెద్దాయనే.

నర్సింహ, ఇరవై రెండేళ్లు ఫిలాసఫీ లెక్చరర్, విద్యార్థులు చేరక శాఖ మూసేయడంతో ఉద్యోగం పోయింది అని ఉంది. దాని పక్కనే ఎర్ర ఇంకుతో, తన చేతిరాతే, 'వయసు మీరింది, పనికిరారు.'