అరువు హంతకులు

పాత డిటెక్టివ్ సీరియల్ మళ్లీ టీవీలో వేస్తున్నారని పేపర్లో చూసి ఊరంతా సంబరపడింది. రచయితకి మాత్రం కాఫీ గొంతు దిగలేదు.

అతను అపరాధ పరిశోధక నవలలకి పేరు మోసినవాడు. అతని నవలల్లో హంతకుడెప్పుడూ అందరూ నమస్కారం పెట్టే పెద్దమనిషే. సూది మందు వేసే డాక్టరు, సంగీతం మాస్టారు, ఇంటి ఓనరు. సంఘంలో పెద్దమనుషుల ముసుగు లాగేసే కలమని విమర్శకులు పొగిడారు. ఆ ముసుగుల మీద ఒకాయన డాక్టరేటు కూడా చేశాడు.

ఆ హంతకుల్లో ఒక్కడూ తన సొంతం కాదని రచయితకొక్కడికే తెలుసు. అందరూ చిన్నప్పటి ఆ సీరియల్లోంచి ఎత్తుకొచ్చినవాళ్లే. గడియారాల కొట్టుని మందుల కొట్టు చేశాడు. సర్కస్‌ని నాటకాల కంపెనీ చేశాడు. ఎవరు చంపారు, ఎందుకు చంపారు అన్నది మాత్రం ముట్టుకోలేదు. టేపులన్నీ ఎప్పుడో పాడైపోయాయని విని గుండె మీద చెయ్యేసుకుని పడుకునేవాడు. ఇప్పుడవి ఎవరింటి అటక మీదో దొరికాయట.

పైగా ఇంట్లోనే ఉంది పోలీసు. అతని ప్రూఫులన్నీ దిద్దేది భార్యే. ఆమె కంట పడకుండా కామా కూడా తప్పించుకోలేదు. మొదటి ఆదివారం మధ్యాహ్నం టీవీ వైరు ఊడిపోయి ఉంటే, ఆమె దాన్ని మళ్లీ గుచ్చి, ఎలకలు ఎక్కువయ్యాయని విసుక్కుని, భర్తని పక్కన కూర్చోబెట్టుకుంది.

గడియారాల కొట్టు యజమాని హత్య. నిద్రమొహం డిటెక్టివ్ కునికిపాట్లు పడుతూనే అందర్నీ ప్రశ్నలడిగాడు. రచయిత చెమటలు కక్కుతున్నాడు. ఇప్పుడు డాక్టర్ని పట్టుకుంటాడు, ఇప్పుడీవిడ తల తిప్పి తనకేసి చూస్తుంది, అంతే సంగతులు.

డిటెక్టివ్ కళ్లు తెరిచి యజమాని మేనల్లుడి చెయ్యి పట్టుకున్నాడు.

రచయిత నమ్మలేకపోయాడు. తర్వాతి వారం సర్కస్ కథలో సంగీతం మాస్టారు పట్టుబడాలి. క్యాషియరు పట్టుబడ్డాడు. ఆ పై వారం ఇంటి ఓనరు బదులు వంటమనిషి జైలుకెళ్లింది. వారాలు గడిచాయి గానీ, అతని హంతకుల్లో ఒక్కడూ తెర మీద దోషిగా తేలలేదు.

అప్పుడతనికి జ్ఞానోదయమైంది. తను దొంగ కాదు. ఆ ముగింపులన్నీ తన బుర్రలో పుట్టినవే, ఇన్నేళ్లూ తన ప్రతిభని తనే అనుమానించాడు. నిజానికి హంతకులు గుర్తున్నారు గానీ, పట్టుబడినప్పుడు వాళ్ల మొహాలు ఎలా ఉన్నాయో ఎప్పుడూ గుర్తు రాలేదు. గుర్తు చేసుకోబోతే నోట్లో పళ్లపొడి రుచి తగిలేది, అంతే. సృజనంటే అలాగే ఉంటుంది కాబోలని సరిపెట్టుకున్నాడు.

నవలలన్నీ కలిపి వేస్తున్న పెద్ద సంపుటానికి ముందుమాట బాకీ ఉంది. ఇన్నాళ్లూ మొహం చెల్లక వాయిదా వేస్తున్నాడు. ఇప్పుడు ఒక్క ఊపున రాసి ప్రెస్సుకి పంపేశాడు. సంపుటం అచ్చవుతుండగానే, చూడ్డానికొచ్చిన అక్కని కూర్చోబెట్టి చదివి వినిపించాడు.

అక్క లెక్కల టీచరు. పిల్లల అబద్ధాలు మొహం చూసే పట్టేసే మనిషి. కట్టుకథలు చదవడానికి తీరిక లేదని తమ్ముడి నవల ఒక్కటీ తెరవలేదు. మర్యాదకి కళ్లజోడు సర్దుకుని వింటోంది.

"ఈ డాక్టరు, ఈ సంగీతం మాస్టారు, ఈ ఇంటి ఓనరు, వీళ్లెవరినీ నేను ఎక్కణ్ణించీ అరువు తెచ్చుకోలేదు" అని రచయిత గొంతు పెంచి చదివాడు.

అక్క కళ్లజోడు తీసేసింది.

"ఒరేయ్, ఆ మాస్టారు చంపింది హార్మోనియం పెట్టెతోనా?"

"అవును. చదివావా ఏంటి?"

"లేదు. ఆ ఓనరు, గోడ మీద సుద్దతో గీతలు గీసినందుకు చంపుతాడా?"

అది రచయిత నవలల్లోకెల్లా గొప్ప మలుపు. పాఠకులు ఉత్తరాలు రాసి మరీ మెచ్చుకున్నది.

"సీరియల్లో అలా లేదే" అన్నాడు నీరసంగా. "అన్నీ చూశాను కదా."

"ఇప్పుడు చూశావు. అప్పుడు నాన్న నిన్ను సగంలోనే పక్కెక్కించేవాడు. హంతకుడెవరో నీకెలా తెలిసేది?"

"నువ్వు చెప్పేదానివి" అన్నాడు రచయిత. అనేశాకే అతనికి గుర్తొచ్చింది.

అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. క్లాసులో ఎన్నడూ నవ్వని మనిషి భుజాలు కదిలిపోతున్నాయి.

"నేను మాత్రం చూశానా ఏంట్రా, నీ వెనకాలే నేనూ నిద్రపోయేదాన్ని, పొద్దున్నే కుళాయి దగ్గర నువ్వు వెంటపడి అడిగితే పెద్దదాన్నన్న పరువు పోతుందని, ఆ వారం నాకెవరి మీద కోపముంటే వాళ్లని హంతకుల్ని చేసి చెప్పేదాన్ని."